మూడు పిడికిళ్ల ముష్టి

గురవమ్మ ఇంట్లో పాము అనే మాట లేదు. దొడ్లో కనిపిస్తే పురుగు కనిపించిందంటారు. బియ్యం అయిపోయాయనే మాటా లేదు, నిండుకున్నాయంటారు. దేవుడి ముందు దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఈ కట్టుబాటంతా ఆమె అత్తగారు పెట్టింది. ఆమె పోయి పదేళ్లయినా, చెడ్డమాట నాలుక చివరిదాకా వచ్చినప్పుడల్లా గురవమ్మకు ఆ కళ్లు ఉరిమి చూసినట్టే ఉంటుంది. ఇంటిమీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, చెవినబడ్డ మాటకల్లా తథాస్తు అనేసి పోతారని పెద్దామె నమ్మకం. గురవమ్మ ఏడో తరగతి దాకా చదివింది. దేవతలైనవాళ్లు మనిషి నోరు జారితే దాన్నే ఎందుకు పట్టుకుంటారని ఎప్పుడైనా అనిపించేది. అనిపించినా పైకి అనలేదు. అనకపోవడమే కదా ఆ ఇంటి పద్ధతి.

శ్రావణమాసం వచ్చిందంటే ఆ ఊళ్లో శనివారం తెల్లవారేసరికి గోవింద నామం వినబడుతుంది. వెంకటేశ్వరస్వామి ఇలవేల్పుగా ఉన్న ఇళ్లవాళ్లు, ఎంత కలిగినవాళ్లయినా సరే, తలస్నానం చేసి నామం పెట్టుకుని ఐదిళ్లు ముష్టి ఎత్తుకుంటారు. వచ్చిన బియ్యం వండి స్వామికి నైవేద్యం పెడతారు. వచ్చిన పిండిలో బెల్లం కలిపి ప్రమిదల్లా చేసి, నెయ్యి పోసి వెలిగిస్తారు. దీపం కొండెక్కాక ఆ పిండినే ప్రసాదమని ఇంటిల్లిపాదీ తింటారు. మొదటి వారం ఏ ఐదిళ్లకు పోతే నాలుగు వారాలూ ఆ ఐదిళ్లకే పోవాలి. ఒక్క గడప తప్పినా మొక్కు చెల్లదు.

పైవీధి శ్రీహరి కుటుంబం ఇరవై ఏళ్ల కిందటే పలకల ఫ్యాక్టరీలో పనికని మార్కాపురం చేరింది. ఊరు వదిలినా మొక్కు వదల్లేదు. ఆయన కోడలు నాగజ్యోతి శ్రావణ శనివారాల్లో పొద్దున్నే ఆటోలో వచ్చి, పాత ఊళ్లో ఐదిళ్లు తిరిగి, మళ్లీ ఆటోలోనే పోతుంది. ఆ ఐదిళ్లలో మూడోది గురవమ్మది.

మూడో శనివారం ముందురోజు గురవమ్మ పిండి డబ్బా మూత తీసి చూసింది. అడుగున గీకితే వచ్చేంత కూడా లేదు.

"ఏమయ్యా, మార్కాపురం పోతాండావు గదా. ముష్టికి పిండి నిండుకున్నాది. మరలో బియ్యప్పిండి పట్టించుకరా" అని మొగుడితో చెప్పింది.

మాలకొండయ్య సరే అన్నాడు. ఆయన ధ్యాసంతా మోకాళ్ల మీద ఉంది. రెండేళ్లుగా అవి ఆయన్ను కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు. సాయంత్రం బస్సు దిగి, కుంటుకుంటూ ఇంట్లోకి వచ్చి, "ముష్టి గూట్లో పెట్టినా, సూసుకో" అని చెప్పి మంచం మీద వాలిపోయాడు. గురవమ్మ దీపం పెడుతూ ఊఁ అంది.

తెల్లారి లేచి స్నానం చేసి గూట్లో చూస్తే కాగితం పొట్లం ఉంది. పొట్లం మీద గుండ్రటి అక్షరాలతో 'ముష్టి' అని రాసి ఉంది. ఈ మనిషికి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందబ్బా, దేవుడి పిండని కాగితం మీద రాయించి మరీ తెచ్చినాడే అనుకుని మురిసిపోయింది. విప్పితే పిండి తెల్లగా లేదు. కాస్త బూడిద రంగు తిరిగింది. జొన్నలు పట్టిన మరలోనే బియ్యమూ పోసి ఉంటారులే అనుకుని ఆ పొట్లాన్ని చేటలో బియ్యం పక్కనే పెట్టింది.

ఏడు కాకముందే వాకిట్లో గోవింద నామం వినబడింది. నాగజ్యోతి తడిచీరతో, నుదుట నామంతో, చేతిలో ఇత్తడి చెంబు, భుజాన జోలెతో నిలబడింది.

"మూడో వారం పెద్దమ్మా. ఇంకొక్క వారం అయితే ముష్టిదానా అని నన్ను ఎవురన్నా అంటే ఊరుకోను" అంది నవ్వుతూ.

"అంతదాకా పడాల్సిందేలే. మీ మామ ఎట్లుండాడు?"

"ఆయనకేం, ఒక్కపొద్దు. పూజ చేసేది ఆయనే గదా. దీపం కొండెక్కినాక మొదటి ముద్ద ఆయన తింటేనే మాకు. నా బిడ్డలిద్దరూ ఆ బెల్లప్పిండి కోసం పొద్దుటి నుంచి దేవుడి గది ముందర కాపలా."

గురవమ్మ మూడు పిడికిళ్ల బియ్యం చెంబులో పోసింది. మూడు పిడికిళ్ల పిండి జోలెలో వేసింది. వేసిన చేతిని నీళ్లతో కడుక్కుని కళ్లకద్దుకుంది. నాగజ్యోతి గోవిందా అంటూ పక్కింటికి పోయింది.

మోటారు కట్టడానికి చేనికి పోయిన మాలకొండయ్య తొమ్మిది దాటాక తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని గూట్లో చెయ్యి పెట్టి తడిమాడు.

"ఏమే, నా ముష్టి యాడ పెట్టినావు?"

"నీ ముష్టేంది? నువ్వు తెచ్చిన ముష్టి నాగజ్యోతికి పెట్టినా."

"నాగజ్యోతికా? ఆ పిల్లకు గూడా మోకాళ్ల నొప్పులా?"

గురవమ్మ నవ్వింది. "దీపానికి పెట్టినానయ్యా. నిన్న నువ్వు పిండి పట్టించుకొచ్చినావు గదా."

మాలకొండయ్య నవ్వలేదు. పిండి సంగతే మర్చిపోయాడు ఆయన. తెచ్చింది, నూనెలో కాచి మోకాళ్లకు రాసుకోవడానికి మార్కాపురంలో అమానుల్లా మూలికల దుకాణంలో కొన్న పొడి. ఆ ఇంట్లో అనకూడని మాట ఆయన నోటికీ రాలేదు.

"అది... తినేది గాదే" అన్నాడు.

"తినేది గాకపోతే ఏంది?"

"చెట్టుది. ముష్టి చెట్టు గింజల పొడి. పిచ్చికుక్కలకు పెడతారు సూడు, అది."

గురవమ్మ పుట్టింది గిద్దలూరు అవతల, నల్లమల అంచున. చిన్నప్పుడు మేకల వెంట పోతుంటే వాళ్ల తాత ఒక చెట్టు చూపించేవాడు. మెరిసే ఆకులు, నారింజ రంగు కాయలు, చూస్తే చేతికి దురద పుట్టేంత అందంగా ఉండేవి. 'ఆ చెట్టు జోలికి పోవాకండి' అనేవాడు. ఏ చెట్టు అంటే 'ఆ చెట్టే' అనేవాడు. పేరు చెప్పేవాడు కాదు. ఆ కాయ తిన్న మేక కాళ్లు బిగదన్ని, విల్లులా వంగిపోయి, కళ్లు తెరుచుకునే ప్రాణం వదలడం ఆమె చూసింది. ఆ చెట్టుకు ఒక పేరుందని, ఆ పేరు ముష్టి అని యాభై రెండేళ్లకు ఇప్పుడు తెలిసింది.

శ్రీహరి మామ, నాగజ్యోతి, దేవుడి గది ముందర కాపలా కాస్తున్న ఇద్దరు పిల్లలు. పొద్దున కళ్లకద్దుకున్న చేతిని చీరకు గట్టిగా తుడుచుకుంది, ఆ చెయ్యి తనది కానట్టు.

వాళ్ల ఫోన్ నంబరు ఇద్దరి దగ్గరా లేదు. ఆటో తిమోతికి తెలిసుంటుందని గురవమ్మ చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. తిమోతి అప్పుడే మార్కాపురం నుంచి వచ్చి ఆటోలో కూర్చుని టీ తాగుతున్నాడు. సంగతి వినగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"నేనే దింపినా అక్కా ఎనిమిదికి. ఎక్కు" అన్నాడు.

మాలకొండయ్య మోకాళ్లతో వచ్చేలోపల ఆలస్యమవుతుందని ఆయన్ను వదిలేసి బయలుదేరారు. తిమోతి దగ్గర నాగజ్యోతి మొగుడి నంబరుంది. ఫ్యాక్టరీలో రాళ్లు కోసే మిషన్ల మోత మధ్య ఆ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగిపోయింది.

గురవమ్మ మనసు దీపం చుట్టూనే తిరిగింది. పిండి కలపడానికి ఎంతసేపు, అన్నం ఉడకడానికి ఎంతసేపు. దీపంలో ఎంత నెయ్యి పోసి ఉంటారు? కలిగిన ఇల్లు కాదు, చెంచాడు పోసి ఉంటారు. చెంచాడు నెయ్యి ఎంతసేపు వెలుగుతుంది? స్వామీ, నీ దీపం వెలగనీ అని మొక్కబోయి, ఏమని మొక్కాలో తెలియక ఆగిపోయింది. ఇన్నేళ్లూ దీపం చక్కగా కొండెక్కాలని మొక్కింది. ఇవాళ కొండెక్కకూడదని మొక్కాలి.

"అక్కా, నేను నా ప్రభువుకు చెప్పుకుంటాండా, నువ్వు మీ వెంకన్నకు చెప్పుకో" అన్నాడు తిమోతి రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "ఎవురికి సిగ్నల్ దొరికితే వాళ్లకు దొరుకుతాది."

మార్కాపురంలో శ్రీహరి వాళ్ల సందు మొదట్లో పనికిరాని పలకరాయి ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆటో పోదు. గురవమ్మ దిగి ఆ ముక్కల మీదుగానే పరుగెత్తింది. అరికాళ్లు కోసుకుపోతున్నా తెలియలేదు. నాలుగో ఇంటి తలుపు తీసే ఉంది. కర్పూరం వాసన వస్తోంది. హారతి అయిపోయిందన్నమాట.

దేవుడి పటం ముందు శ్రీహరి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పళ్లెంలో రెండు పిండి ప్రమిదలు. రెండు వత్తులూ నల్లబడి, సన్నగా పొగ లేస్తోంది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు కుడిచేతి కింద ఎడమచెయ్యి పెట్టి ప్రసాదానికి సిద్ధంగా నిలబడ్డారు.

"ఆ పిండి తినొద్దు" అంది గురవమ్మ గుమ్మం పట్టుకుని.

"ఏమైనాది పెద్దమ్మా?" నాగజ్యోతి వంటింట్లో నుంచి వచ్చింది.

"అది ముష్టి. తినొద్దు."

శ్రీహరి తలెత్తి చూశాడు. పెద్ద వయసు, ఎండిన ఒళ్లు, ఒక్కపొద్దుతో గుంటలు పడిన కళ్లు.

"ముష్టి అని తెలియకనా మేం ఎత్తుకొచ్చుకునేది?" అన్నాడు. "పెట్టిన చేత్తోనే దెప్పను ఇంత దూరం వచ్చినావా గురవమ్మా?"

"అట్ల గాదు మామా. అది వేరే ముష్టి."

"ముష్టిలో రకాలు గూడానా. మీరు పెట్టేది ఒక రకం, మేం తినేది ఒక రకం. ఊళ్లో మాకు ఇల్లు లేకపోతే ఇంత చులకనా?"

చెప్పాల్సిన మాట గురవమ్మ నాలుక మీదే ఉంది. ఎదురుగా స్వామి పటం. పటం ముందు ప్రసాదం. దేవుడి ఎదుట, ప్రసాదాన్ని చూపించి, ఆ మాట. ఆమె పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. అత్తగారి కళ్లు ఎక్కడి నుంచో ఉరిమి చూశాయి.

"వెంకన్న తినేదే ముష్టి. నాకేం సిగ్గు?" అంటూ శ్రీహరి ప్రమిద అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. ముఖం వికారంగా ముడుచుకుపోయింది. చేదు. మరెవరైనా ఉమ్మేసేవారే. ప్రసాదం ఉమ్మకూడదు కనుక ఆయన కళ్లు మూసుకుని మింగాడు.

"విషం" అంది గురవమ్మ.

అరవలేదు. పక్కమనిషితో చెప్పినట్టే చెప్పింది. "అది విషం మామా. నేను పెట్టింది విషం."

ఆ తర్వాత ఆమె ముందుకు ఉరికి, ఆయన ఆడపిల్లల వైపు జరిపిన పళ్లెం రెండు చేతులా లాగి నేలకేసి కొట్టింది. స్వామి ప్రసాదం గది నిండా చెదిరింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. నాగజ్యోతి వాళ్ల చేతులు లాగి చూసింది, నోళ్లు తెరిపించి చూసింది, మళ్లీ చేతులు చూసింది. వాళ్లేమీ తినలేదు.

శ్రీహరిని తిమోతి ఎత్తుకున్నట్టే ఆటో దగ్గరికి తెచ్చాడు. "నాకేం గాలేదబ్బా, వదులు" అంటూనే ఉన్నాడు ముసలాయన. బజారు మొదట్లోకి వచ్చేసరికి, "మెడ పట్టేసినట్టుందమ్మాయ్" అన్నాడు కోడలితో. తర్వాత దవడ బిగుసుకుంది. ఎదురుగా వచ్చిన బస్సుకు తిమోతి హారన్ కొట్టాడు. ఆ మోతకు శ్రీహరి ఒళ్లంతా ఒక్కసారి విల్లులా వంగింది. తల వెనక్కి పడింది. కళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. గురవమ్మకు మేక కళ్లు గుర్తొచ్చాయి. తిమోతి మళ్లీ హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. చెయ్యి బయటపెట్టి ఊపుతూ, అన్నా జరుగు, అక్కా జరుగు అని గొంతు తగ్గించి బతిమాలుకుంటూ బజారు దాటించాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఆ ప్రాంతానికి కొత్త. "ఏం తిన్నారు?" అని అడిగింది.

"ప్రసాదం" అంది నాగజ్యోతి. "ముష్టి పిండితో చేసినాం."

"ముష్టి అంటే? అడుక్కున్న పిండా? పాడైపోయిందా?"

"పాడైంది గాదు డాక్టరమ్మా" అంది గురవమ్మ. "విషం. ముష్టి చెట్టు విషం." రెండోసారి ఆ మాటకు నోరు తడబడలేదు.

"ఏ చెట్టు? దానికి ఇంకో పేరేమన్నా ఉందా?"

గురవమ్మకు తెలిసిన ఇంకో పేరు 'ఆ చెట్టు' ఒక్కటే. లోపల మంచం మీద శ్రీహరిని ఎవరో ముట్టుకున్నారు, మంచం కోళ్లు నేల మీద టకటకా కొట్టుకున్నాయి. ఆమె తిమోతి ఫోన్ తీసుకుని మొగుడికి చేసింది. మాలకొండయ్య అమానుల్లా నంబరు చెప్పాడు. అమానుల్లాకు కలిపి, ఫోను డాక్టరమ్మ చేతికిచ్చింది.

"కుచ్లా మేడం, కుచ్లా" అంటున్నాడు అమానుల్లా అవతల నుంచి.

"కుచ్లానా? అదేమిటి?"

అవతల ఫోను చేతులు మారింది. ఫార్మసీ చదివే ఆయన మనవరాలు రేష్మా తీసుకుంది. "మేడం, నక్స్‌వామికా గింజల పొడి. స్ట్రిక్నిన్ ఉండేది. శుద్ధి చెయ్యలేదు, పచ్చిదే."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఫోను తిరిగి ఇస్తూనే, "ఆ గదిలో లైట్లు తీసెయ్యండి, కిటికీలు మూసెయ్యండి. ఎవరూ ఆయన్ను ముట్టుకోవద్దు, గట్టిగా మాట్లాడొద్దు" అంటూ లోపలికి పోయింది. నర్సులు చెప్పులు వదిలి నడవడం మొదలుపెట్టారు.

అప్పటి నుంచి వరండాలో మాట లేదు. నాగజ్యోతి గోడకు ఆనుకుని నిలబడింది. నుదుట నామం చెమటకు కారిపోయింది. ఆమె గురవమ్మ వైపు చూడలేదు. గురవమ్మ మెట్టు మీద కూర్చుంది. గోవిందా అనుకుంటే భయం తగ్గేది ఆమెకు, కాని పైకి అనే గొంతే గానీ లోపల అనుకునే అలవాటు లేదు. పెదాలు కదిలినప్పుడల్లా లోపలి మంచం చప్పుడు కోసం చెవి రిక్కించేది. తలుపు చాటున ఒక మనిషి చీకట్లో బతికున్నాడో లేడో, ఆయన పేరు కూడా పిలవకూడదు, దేవుడి పేరూ పిలవకూడదు.

మధ్యాహ్నానికి మాలకొండయ్య మిగిలిన పొట్లంతో బస్సులో వచ్చాడు. అమానుల్లా, రేష్మా కూడా వచ్చారు. అమానుల్లా తెల్లటి గడ్డం, చేతికర్ర ఉన్న పెద్దమనిషి. గురవమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని గుసగుసగా అన్నాడు.

"ఎట్లుండాడమ్మా?"

"తెలీదన్నా. పొట్లం మీద వట్టి ముష్టి అని రాసినారే, ఇంకొక్క ముక్క రాయకపోతిరా?"

అమానుల్లా మాలకొండయ్య వైపు చూశాడు. మాలకొండయ్య తలొంచుకున్నాడు.

"రేష్మా విషముష్టి అనే రాసినాదమ్మా" అన్నాడు అమానుల్లా. "మీ ఆయనే వద్దన్నాడు. ఆ మాట ఇంట్లో ఉంటే మా ఆడమనిషి గడప తొక్కనియ్యదు, మొదటి ముక్క తీసేసి ఇంకో కాగితం మీద రాయించు మామా అన్నాడు. నేనూ సరే అంటి. నాదే తప్పు. నలభై ఏండ్ల దుకాణం, నాకు తెలియాల."

గురవమ్మ పొట్లం వైపు చూసింది. గుండ్రటి అక్షరాలు రెండే. వాటి ముందు ఉండాల్సిన రెండు అక్షరాలను తీయించింది తానే. తన ఇంటి నోరు తీయించింది.

"దానికీ దీనికీ ఒక్కటే పేరు ఎవురు పెట్టినారమ్మాయ్?" అని రేష్మాను అడిగింది. "దేవుడికి పెట్టేదీ అదే, ప్రాణం తీసేదీ అదే. ఎట్ల పెట్టబుద్ధయింది?"

"ముష్టి అంటే పిడికిలి ఆంటీ, సంస్కృతంలో" అంది రేష్మా. "పిడికెడు బియ్యం పెడతారు గదా, అందుకని బిచ్చం ముష్టి అయింది. విషముష్టి అంటే పిడికెడు విషం. మనవాళ్లు రానురాను విషం అనడం మానేసినారు. పిడికిలి ఒక్కటే మిగిలినాది."

"మా మాటలో కుచల్నా అంటే నలగ్గొట్టడం" అన్నాడు అమానుల్లా. "నలగ్గొట్టనిదే లొంగదు కాబట్టి కుచ్లా అని మా నాయన చెప్పేవాడు. నిజమో అబద్ధమో అల్లాకు తెలియాల."

గురవమ్మ పొట్లాన్ని చూస్తూనే ఉంది. భయపడి పేరు దాచిపెడితే ఆ వస్తువు పోతుందా? పోలేదు కదా. పేరు పోయింది, వస్తువు గూట్లోనే ఉంది. పేరుంటే కనబడి ఉండేది. పొట్లం విప్పినప్పుడు కనబడేది. దేవుడి గదిలో శ్రీహరి మామ చెయ్యి నోటిదాకా పోకముందే కనబడేది. అక్కడ తాను నోరు మూసుకున్న ఆ కొంచెంసేపు ఎంత ఉంటుందో ఆమె లెక్కపెట్టబోయింది. రెండు ఊపిరులు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా రెండు ఊపిరులే వచ్చాయి.

నాలుగు గంటలప్పుడు డాక్టరమ్మ బయటికి వచ్చి, మూర్ఛలు ఆగాయని, తిన్నది కొంచెమే కాబట్టి గండం గడిచినట్టేనని, అయినా రాత్రికి ఉంచుకోవాలని చెప్పింది. నాగజ్యోతి అలాగే గోడ పట్టుకుని నేల మీదికి జారిపోయి కూర్చుంది. పొద్దుగూకే వేళ ఒక్కొక్కరినీ లోపలికి పోనిచ్చారు.

శ్రీహరి దవడ వదులైంది. గొంతు బొంగురుగా ఉంది. గురవమ్మ మంచానికి దూరంగానే నిలబడింది.

"ఆ మాట మొదటనే అనుంటే తినకపోదును గదా గురవమ్మా" అన్నాడు.

"నోరు రాలేదు మామా."

"అందరి ముందర ముష్టి అననైతే వచ్చినాది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. క్షమించాడో లేదో చెప్పలేదు.

ఆ వారమంతా గురవమ్మ వంటింట్లో ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసింది. ఉప్పును కూడా వేలితో నాకి చూసింది. ఏది వండినా తాను ముందు తిని, కాసేపు చూసి, ఆ తర్వాతే మొగుడికి పెట్టింది.

"జిల్లా కలెక్టరుకు గూడా ఇంత మర్యాద లేదే. నాకు ముందర తిని చూసే మనిషిని పెట్టినారు" అన్నాడు మాలకొండయ్య. నాగజ్యోతి ఇక రాదులే అని కూడా ఆయనే అన్నాడు. ఆమె కూడా రాదనే అనుకుంది. రాకపోతే ఆ ఇంటి మొక్కు తన గడప దగ్గరే తెగిపోతుంది. వస్తే మళ్లీ తన చేత్తో పెట్టాలి. రెంటిలో దేనికి ఎక్కువ భయపడుతోందో ఆమెకే తెలియలేదు.

నాలుగో శనివారం ఎండ వచ్చాక వాకిట్లో గోవిందా అని వినబడింది. సన్నటి గొంతు, పూర్తిగా తెరుచుకోని గొంతు.

నాగజ్యోతి గడప బయట నిలబడింది. చెంబు మూతిమీద అరచెయ్యి కప్పి పట్టుకుంది.

"మా మామ లేచి తిరుగుతాండాడు" అని గురవమ్మ అడగకముందే చెప్పింది. "ఆయన వద్దన్నాడు. మా ఆయన వద్దన్నాడు. గడప తప్పితే మొక్కు చెల్లదని నేనే వచ్చినా. వచ్చినా గానీ పెద్దమ్మా, నీ చెయ్యి సూస్తే నాకు బయమైతాంది."

"నాకూ అంతే" అంది గురవమ్మ.

చేటలో బియ్యం తెచ్చి ఇద్దరికీ మధ్య గడప మీద పెట్టింది. పిండి తేలేదు. ఆమె చేటలో నుంచి పిడికెడు బియ్యం తీసుకుంది. నాగజ్యోతి చూస్తుండగా, మిగతావి ఎంగిలి కాకుండా చెయ్యి పైకెత్తి, పెదాలకు తగలకుండా కొన్ని గింజలు నోట్లో పోసుకుంది. నమిలింది. మింగింది. నోరు తెరిచి చూపించింది.

నాగజ్యోతి చెంబు మీద చెయ్యి తియ్యలేదు. చీర సర్దుకుని, అరుగు మీద కూర్చుంది.

"తప్పుగా అనుకోవాకు. ఒక అరగంట కూచుంటా పెద్దమ్మా. నీకేం గాకపోతే పెట్టు."

"గంట కూచో. అరగంట చాలదు."

"ఆటో నిలబడుంటాది."

"నిలబడనీ. తిమోతికి నేను చెప్తా."

గురవమ్మ కూడా అరుగు మీద కూర్చుంది, ఇద్దరి మధ్యా చేట పెట్టుకుని. కోడిపిల్లలు బియ్యం కోసం వస్తే ఒకసారి ఈమె, ఒకసారి ఆమె అదిలించారు. నాగజ్యోతి ఆమె దవడ వంక, మెడ వంక కన్నార్పకుండా చూస్తోంది. గురవమ్మ ఆమెకు బాగా కనబడేట్టు ఇటు తిరిగి కూర్చుని, మెడ మెల్లగా కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది.

"తిరుగుతాంది గదా" అంది.

"తిరుగుతాంది" అంది నాగజ్యోతి. "ఇంకొంచెం సేపు సూద్దాం."